పన్నెండో ఎక్కం

ఆ బుధవారం ఉదయానికి మెకానిక్కు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అక్కకు ఆపరేషన్ తొమ్మిదింటికని అక్కే స్వయంగా చెప్పింది. అక్క తొమ్మిదంటే పదకొండని అర్థం. తమ్ముడు ఎక్కడికైనా రెండు గంటలు ఆలస్యంగా వస్తాడని ఆవిడకు తెలుసు కనుక, ఏ పనైనా రెండు గంటలు ముందుకు జరిపే చెబుతుంది. ఆవిడ అలా జరుపుతుందని తమ్ముడికి తెలుసు కనుక, ఆ రెండు గంటలూ మళ్లీ కలుపుకుంటాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ అక్కాతమ్ముళ్ల మధ్య ఈ తీసివేతా కూడికా ఏ గొడవా లేకుండా నడిచిపోతున్నాయి. కాబట్టి ఎనిమిదింటికి లేచి, నింపాదిగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పదిన్నరకల్లా ఆసుపత్రికి చేరితే, కాగితం మీద సంతకం పెట్టి అక్కకు నాలుగు ధైర్యవచనాలు చెప్పడానికి ఇంకా అరగంట మిగులుతుంది.

ఇందులో ఒక్కటే పొరపాటు. ఈసారి అక్కకు భయం వేసింది. భయం వేసిన మనిషికి తీసివేతలు గుర్తుండవు. తొమ్మిదింటి ఆపరేషన్‌ని ఆవిడ తొమ్మిదనే చెప్పింది.

మెకానిక్కు చెడ్డవాడేం కాదు. లిఫ్టుల పనిలో చేయి తిరిగినవాడు. మోటారు చప్పుడు విని జబ్బెక్కడో చెప్పేస్తాడు. ఒకరి సొమ్ము ముట్టడు, ఒకరిని మాట అనడు. వచ్చిన చిక్కల్లా టైము దగ్గరే. జ్వరం గురించీ, వాన గురించీ, పక్కింటివాళ్ల తగాదా గురించీ చక్కగా తెలుగులో మాట్లాడే మనిషి, టైము దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషులోకి దిగిపోతాడు. అందులో ఓ సుఖం ఉంది మరి. "ఇంకా పక్క మీదే ఉన్నానండీ" అని తెలుగులో చెప్పడానికి ఎవరికైనా మొహం చెల్లదు. "ఆన్ ది వే" అనేస్తే సిగ్గూ లేదు, శ్రమా లేదు, దుప్పటి కప్పుకునే దారిలో ఉండొచ్చు. "జస్ట్ నౌ" చేశానన్న పని మొన్నటిది కావచ్చు, మానేసినదీ కావచ్చు. "ఫస్ట్ థింగ్ టుమారో" అన్నాడంటే రేపు తప్ప ఏ రోజైనా రావచ్చు. "ఎండ్ ఆఫ్ ది డే" అన్నప్పుడు ఏ రోజు చివర అని అడగకపోవడమే మర్యాద. ముప్ఫై ఏళ్ల కిందట ఒకావిడను పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి, ఎప్పుడని ఆవిడ అడిగితే "వెరీ సూన్" అన్నాడు. ఆవిడకిప్పుడు ఇద్దరు మనవలు.

జనం అతనికి ఆన్‌ ది వే అనే పేరు పెట్టేశారు. ఎదురుగానే పిలుస్తారు, అతనూ పలుకుతాడు.

అక్క ముప్ఫై నాలుగేళ్లు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఏ విషయాన్నీ ఉత్తినే తిట్టి వదిలిపెట్టదు. ఒక ఏడాదంతా నోటుపుస్తకంలో తమ్ముడు చెప్పిన టైము ఒకవైపు, పట్టిన టైము ఒకవైపు రాసి, సగటు కట్టి తేల్చింది: వాడు చెప్పినదాన్ని పన్నెండుతో హెచ్చవేసుకోవాలి. ఐదు నిమిషాలంటే గంట. పావుగంటంటే మూడు గంటలు. రెండు రోజులంటే ఇరవై నాలుగు రోజులు. నవ్వులాటకి చెప్పిన ఈ లెక్క ఇరుగుపొరుగుకీ, అక్కడి నుంచి అతను లిఫ్టులు చూసే భవనాలన్నింటికీ పాకింది. అందరూ హాయిగా హెచ్చవేసుకోవడం మొదలుపెట్టాక అతన్ని తిట్టేవాళ్లే లేకుండా పోయారు. తిట్టేవాళ్లు లేకపోతే మారాల్సిన అవసరం ఎవడికుంటుంది?

అలా హాయిగా సాగుతుండగా అక్క కడుపులో గడ్డ బయటపడింది. ఆసుపత్రికి పెద్ద సర్జను వారానికొక్కసారి, బుధవారం వస్తాడు. తీసేయాల్సిందే, ఆలస్యం వద్దు అన్నాడు. కాగితం మీద సంతకం పెట్టడానికి అక్కకు తమ్ముడు తప్ప ఎవరూ లేరు. తమ్ముడు లేకుండా ఆ బల్ల ఎక్కనని ఆవిడ పట్టు. తమ్ముడేమో "నెక్స్ట్ వీక్ ష్యూర్ అక్కా" అన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఏవో పనులు, ఏవో అడ్డంకులు. చెప్పుకుంటే అన్నీ నిజమే. తేదీ మూడుసార్లు మారేసరికి ఆరు వారాలు గడిచాయి. గడ్డకు మాత్రం ఏ అడ్డంకీ రాలేదు, దాని పని అది చేసుకుంటూ పోయింది.

ఇక ఆ ఆసుపత్రి లిఫ్టు సంగతి. నాలుగంతస్తుల భవనానికి స్ట్రెచరు పట్టే లిఫ్టు అదొక్కటే. దాన్ని చూసుకునేది మన మెకానిక్కే. తలుపు బిగుసుకుందో లేదో కనిపెట్టే చిన్న స్విచ్చు ఒకటి అరిగిపోయి, లిఫ్టు అప్పుడప్పుడూ అంతస్తుల మధ్య ఆగిపోతోందని ఆసుపత్రి మేనేజరు తొమ్మిది రోజుల కిందట చెప్పాడు. "ఫస్ట్ థింగ్ టుమారో" అన్నాడు మెకానిక్కు. అన్నట్టే మర్నాడు కొత్త స్విచ్చు కొన్నాడు కూడా. కాగితం చుట్టి సంచిలో వేసుకున్నాడు. ఆ తర్వాతి ఎనిమిది రోజులూ అది అతని భుజాన వేలాడుతూ ఊరంతా తిరిగింది. మేనేజరు తొమ్మిది రోజుల్నీ తొందర పడకుండా గడిపాడు. ఒక రోజంటే పన్నెండు రోజులు కదా, ఇంకా మూడు మిగిలే ఉన్నాయని.

బుధవారం ఎనిమిదీ నలభైకి మెకానిక్కు మొహానికి సబ్బు పట్టించి, ఎడమ చెంప పూర్తిచేసి, కుడి చెంప మీద కత్తి పెట్టబోతుండగా ఫోను మోగింది. మేనేజరు. లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయిందట, లోపల పేషెంటు ఉందట. ఎవరా పేషెంటని మెకానిక్కు అడగలేదు, మేనేజరు చెప్పలేదు. ఈ మెకానిక్కుకీ ఆ పేషెంటుకీ చుట్టరికం ఉందని అతనికేం తెలుసు?

"ఆన్ ది వే. ఫైవ్ మినిట్స్" అన్నాడు మెకానిక్కు, అద్దంలో తన కుడి చెంపను చూసుకుంటూ.

అక్కడ మేనేజరు ఫోను పెట్టేసి చేతిగడియారం చూసుకున్నాడు. అయిదు పన్నెళ్లు అరవై. తొమ్మిదీ నలభైకి వస్తాడన్నమాట. జనరేటరు చూసే అతను అప్పటికే రెండుసార్లు అడిగాడు, డీజిలు అయిపోవచ్చింది వెళ్లి తెచ్చుకోనా అని. గంట ఖాళీ ఉంది కదా వెళ్లి రమ్మన్నాడు మేనేజరు. అతను డబ్బాలు వేసుకుని వెళ్లాడు. అతని నడుముకు వేలాడే తాళాల గుత్తి కూడా అతనితోనే వెళ్లింది. మేడ మీద లిఫ్టు మోటారు గది తాళం చెవి ఆ గుత్తిలోనే ఉంది.

లిఫ్టు లోపల అక్క స్ట్రెచరు మీద వెల్లకిలా పడుకుని కప్పు కేసి చూస్తోంది. పక్కన నిలబడ్డ నర్సు ఆవిడ దగ్గర ఆరో తరగతి చదువుకున్న పిల్ల. ఆ రోజుల్లోనూ లెక్క తప్పితే టీచరుగారి ముందు వెక్కివెక్కి ఏడ్చేది, ఇప్పుడూ అలాగే ఏడుస్తోంది. సర్జను సరిగ్గా తొమ్మిదికి థియేటరులో ఉంటారనీ, పదిలోగా మొదలుపెట్టకపోతే ఒక్క నిమిషం కూడా ఆగరనీ, మధ్యాహ్నం ఆయనకు ఇంకో ఊళ్లో ఇంకో ఆపరేషన్ ఉందనీ ఏడుపు మధ్యలో చెప్పింది. బయటి నుంచి మేనేజరు తలుపు సందులో నోరు పెట్టి, మెకానిక్కు ఐదు నిమిషాల్లో వస్తున్నాడని కేకేశాడు.

"అయితే గంట. గోడకానుకుని నిలబడమ్మా, కాళ్లు లాగుతాయి" అంది అక్క.

తర్వాత కాసేపు ఆలోచించి, తమ్ముడికి ఫోను చేయమంది. ఫలానా కాగితం వార్డులో దిండు కింద పెట్టాననీ, దాని మీద సంతకం పెట్టాలనీ చెప్పమంది. కంగారు పెట్టొద్దనీ, వాడికి కంగారొస్తే రోడ్డు చూసుకోడనీ మరీ మరీ చెప్పింది. నర్సు ఫోను చేసింది.

"టీచరుగారు లిఫ్టులో ఉన్నారండీ. మీరు కంగారు పడొద్దన్నారు."

"ఏ లిఫ్టులో?"

"మీ లిఫ్టులోనే."

మెకానిక్కు గడ్డం కత్తి అవతల పడేశాడు. పదకొండు కాదు, తొమ్మిదే. అవతల ఉన్నది ఎవరో పేషెంటు కాదు, తనను పెంచి పెద్దచేసిన అక్క. భుజాన సంచి తగిలించుకుని, కుడి చెంప మీద సబ్బు నురగతో, బొత్తాలు పెట్టని చొక్కాతో బండి ఎక్కాడు. జీవితంలో మొదటిసారి అతను నిజంగా దారిలో ఉన్నాడు.

తొమ్మిదీ ఎనిమిది నిమిషాలకు ఆసుపత్రి గుమ్మంలో అతన్ని చూసి మేనేజరు నిర్ఘాంతపోయాడు. ఇప్పుడే రావడమేమిటని అడిగాడు. ఆ అడగడంలో కాస్త కోపం కూడా ఉంది. లెక్క తప్పించిన మనిషి మీద ఎవరికైనా కోపం వస్తుంది. మోటారు గది తాళం చెవి అడిగితే, అది డీజిలుకు వెళ్లిందన్నాడు. మెకానిక్కు జనరేటరు అతనికి ఫోను చేశాడు.

"ఆన్ ది వే సార్. ఫైవ్ మినిట్స్" అన్నాడు అతను, బంకు దగ్గర డబ్బాల వరసలో నిలబడి.

మెకానిక్కు ఫోను కేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ మాట తను ఎన్ని వేలసార్లు అన్నాడో, అవతలివాళ్లు ఎన్ని వేలసార్లు ఇలా నిలబడి విన్నారో.  పన్నెండుతో హెచ్చవేశాడు. గంట. గంటయితే పదీ పది. పదికి సర్జను వెళ్లిపోతాడు.

మూడో అంతస్తుకు పరిగెత్తి, సంచిలోని తాళం చెవితో లిఫ్టు తలుపు తిప్పి బెత్తెడు సందు చేసి లోపలికి పిలిచాడు. కింద చీకట్లో లిఫ్టు కప్పు కనిపించింది.

"అక్కా, నేనే. వచ్చేశాను."

 లోపల అక్క నర్సును టైమెంతయిందని అడగడం వినిపించింది. తొమ్మిదీ పది అంది నర్సు.

"అయితే వాడు కాదమ్మా. వాడి గొంతులాంటి గొంతు ఇంకెవరిదో."

"నేనేనక్కా."

"నిజంగా? ఏరా, ఒంట్లో బాగానే ఉందా?" అంది అక్క.  "ఎంతసేపు పడుతుందిరా?"

"ఫైవ్..." అని అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. నాలుక కొరుక్కున్నాడు. తాళం సంగతి, మోటారు గది సంగతి, చేత్తో చక్రం తిప్పే సంగతి వేళ్ల మీద కూడుకున్నాడు. "నలభై నిమిషాలు" అన్నాడు తెలుగులో.

"అంటే ఎనిమిది గంటలు."

"కాదక్కా. నలభై అంటే నలభయ్యే."

 అక్క నమ్మిందో లేదో అతనికి తెలియలేదు.

మోటారు గది తాళం మెకానిక్కు స్వయంగా కొని తగిలించినదే. ఈ ఆసుపత్రిలో ఏది విరిగినా ఇది విరగదని అప్పట్లో మేనేజరుతో గొప్పలు పోయాడు. ఆ మాట ఒక్కటీ నిజమని ఇప్పుడు తేలింది. సుత్తితో కొట్టాడు, రెంచి పెట్టి మెలితిప్పాడు, అరచెయ్యి చీరుకుంది కానీ తాళానికి గీత కూడా పడలేదు. చివరికి తలుపు బందుల మీద పడ్డాడు. తుప్పుపట్టిన మేకుల్ని ఒక్కొక్కటీ పీకి, తలుపును తాళంతో సహా పక్కకు లాగేసరికి తొమ్మిదీ ముప్ఫై అయిదు.

మోటారుకున్న చక్రాన్ని చేత్తో తిప్పితేనే లిఫ్టు కదులుతుంది, దానికి ఇద్దరు కావాలి. ఒకరు బ్రేకు వదులు చేసి పట్టుకోవాలి, ఒకరు తిప్పాలి. టై కట్టుకున్న మేనేజరుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. తనకు నడుం నొప్పని మేనేజరు చెప్పబోయాడు గానీ, సగం గడ్డంతో, చేతి మీద నెత్తుటితో ఉన్న మనిషి మొహం చూసి ఆ మాట మింగేశాడు. ఇద్దరూ కలిసి అంగుళం అంగుళంగా లిఫ్టును మూడో అంతస్తుకి తెచ్చారు. తలుపు తెరిచేసరికి తొమ్మిదీ నలభై తొమ్మిది.

స్ట్రెచరు బయటికి వచ్చింది. అక్క తమ్ముణ్ణి ఆపాదమస్తకం చూసింది. నర్సు చేతికున్న గడియారాన్ని తనవైపు తిప్పుకుని చూసింది. ముప్ఫై తొమ్మిది నిమిషాలు.

"ఒక నిమిషం ముందే" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పరీక్షలో మొద్దబ్బాయికి మంచి మార్కులొస్తే టీచర్లకు తిరిగే నీళ్లు అవి.

థియేటరు గుమ్మంలో సర్జను చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని నిలబడి ఉన్నాడు. తొమ్మిదింటి నుంచీ అలాగే నిలబడి ఉన్నాడట. ఎవరి మీదా విసుక్కోలేదు. ఇంకా పది నిమిషాలుంది కాబట్టి మొదలుపెడతానన్నాడు, రెండు గంటలు పడుతుందన్నాడు. మెకానిక్కు వార్డుకు పరిగెత్తి, దిండు కింది కాగితం తెచ్చి సంతకం పెట్టాడు. టైము రాయాల్సిన గడిలో తొమ్మిదీ యాభై రెండు అని రాసే ముందు రెండు గడియారాలు చూశాడు. తలుపులు మూసుకున్నాయి.

ఊరికే కూర్చోలేక సంచి విప్పాడు. కాగితం చుట్టిన స్విచ్చు తీసి, లిఫ్టు తలుపు దగ్గర పాతది ఊడదీసి కొత్తది బిగించాడు. పైకీ కిందకీ నాలుగుసార్లు నడిపి చూశాడు. బ్రహ్మాండంగా ఉంది. గోడ గడియారం చూసుకున్నాడు. పని నిజంగానే ఐదు నిమిషాలు పట్టింది. అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. అతని మీద అతనికే అసహ్యం వేసింది.

పదీ నలభైకి థియేటరు తలుపు తెరుచుకుని సర్జను బయటికొచ్చాడు. రెండు గంటలని చెప్పిన పని గంటలోపే అయిపోయిందని మెకానిక్కు ఆనందం పట్టలేకపోయాడు. లేచి వెళ్లి, కుడి చెంప మీద ఎండిన నురగతోనే ఆయనకు రెండు చేతులూ జోడించాడు. ఎన్నాళ్లకో ఒక పని ముందుగా అయింది, అదీ అక్క పని. మేనేజరుకు కూడా చెప్పాడు, చూశారా, గంటలోపే అని. మేనేజరు ఎందుకో తల దించుకున్నాడు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు కొన్ని తెలుస్తాయి.

సర్జను అతన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. తెరిచి చూశామనీ, గడ్డ చుట్టుపక్కలంతా పాకిపోయిందనీ, తీయడానికి లేక మళ్లీ కుట్టేశామనీ మెల్లగా చెప్పాడు. ఆరు వారాల కిందటి స్కానులో ఇలా లేదన్నాడు. ఎన్నాళ్లని అడిగాడు మెకానిక్కు.

"త్రీ మంత్స్. అట్ ది మోస్ట్" అన్నాడు సర్జను. భుజం తట్టి, ఇంకో ఊరి ఆపరేషన్‌కి వెళ్లిపోయాడు.

మెకానిక్కు వరండాలో నడవడం మొదలుపెట్టాడు. మూడు పన్నెళ్లు ముప్ఫై ఆరు. ముప్ఫై ఆరు నెలలంటే మూడేళ్లు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేదాకా ఆ మూడేళ్లూ అతనివే. అక్కను ఎక్కడెక్కడికి తిప్పాలో, ఏమేం చూపించాలో అనుకున్నాడు. ఇంగ్లీషులో చెప్పిన టైము ఎప్పుడు నిజమైంది కనుక?

సాయంత్రం అక్కకు పూర్తిగా తెలివొచ్చింది. తమ్ముడు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ చాలాసేపు అతని మొహమే చూసింది.

"ఎన్నాళ్లన్నాడురా?"

"లాంగ్ టైమ్ అన్నారక్కా."

"తెలుగులో చెప్పు."

అతను తల వంచుకున్నాడు. "మూడు నెలలు" అన్నాడు. వెంటనే అందుకుని, అది పైకి చెప్పే మాటనీ, పన్నెండుతో హెచ్చవేసుకుంటే మూడేళ్లనీ, ఆవిడకు తెలియని లెక్కా అనీ గడగడా చెప్పుకుపోయాడు. 

"ఆ ఎక్కం నీకురా నాయనా. ఆయన తొమ్మిదంటే తొమ్మిదికే చేతులు కడుక్కుని నిలబడ్డాడు. ఆయన్ని ఒకటితో హెచ్చవేయాలి" అంది అక్క.

అతను ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. అంతా తన వల్లేనన్నాడు. అక్క కాదనలేదు. కాదంటే లెక్క తప్పవుతుంది.

"కొంత నీ వల్ల. కొంత గడ్డ వల్ల. కొంత నా వల్ల కూడా. చిన్నప్పుడే రెండు తగిలించి టైముకి రావడం నేర్పాల్సింది పోయి, కూర్చుని ఎక్కం కట్టాను. పైగా అందరికీ నేర్పాను." కాసేపు కళ్లు మూసుకుంది. "రేపు పొద్దున్న ఏడింటికి రా. కాఫీ తాగాలనుంది, ఇక్కడిది బాగోదు. నువ్వు తీసుకురా."

"ఏడంటే ఏడేనా అక్కా, తొమ్మిదా?"

"ఏడే. ఇంక మనకి కూడికలూ తీసివేతలూ వద్దు. చేసుకునేంత లేదు."

మర్నాడు ఉదయం ఆరూ నలభైకి ఆసుపత్రి తలుపులు తీసేసరికి, రెండు చెంపలూ నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాఫీ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని మెకానిక్కు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మేనేజరు అతన్ని చూశాడు, గోడ గడియారం కేసి చూశాడు, మళ్లీ అతన్ని చూశాడు. తర్వాత బల్ల ఎక్కి గడియారం దించి, కొత్త బ్యాటరీ వేయించాడు.